పిన్నిగారు చూపించని ఇల్లు

ఇల్లు చూపించమంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. పిన్నిగారు మాత్రం నాకు పట్టపగలే చుక్కలు చూపించింది.

పిన్నిగారంటే నాకు చుట్టమేమీ కాదు. ఇళ్ళు అమ్మిపెట్టే, కొనిపెట్టే ఏజెంటు. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా ఆవిడని పిన్నిగారనే అంటారు. చేతిలో నల్ల గొడుగు, మడమల దగ్గర అరిగిన చెప్పులు, అడుగేస్తే గలగలమనే తాళాల సంచీ. ఈ పనిలోనే జుట్టు నెరిసింది. ఆవిడ మాట మీద ఇల్లు కొని తర్వాత తల పట్టుకున్నవాళ్ళు లేరని నేను పనిచేసే షాపు ఓనరు చెబితే మా ఆయనా నేనూ వెళ్ళాం. మేముంటున్న అద్దెయింటాయన కూతురికి ఇల్లు కావాలని, ఎండలు తగ్గేలోపు ఖాళీ చెయ్యమన్నాడు. ఇంకో అద్దెయింటి మొహం చూసేది లేదు, ఈసారి సొంతిల్లే అని నేనే పట్టుపట్టి కూర్చున్నాను.

నాకెలాంటి ఇల్లు కావాలో ముందే చెప్పేస్తాను, దాపరికం లేదు. పెద్ద కిటికీ ఉన్న ఇల్లు కావాలి. నేను కర్టెన్లు కుడతాను. పెళ్ళయినప్పటినుంచీ ఇదే పని. ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళి, స్టూలెక్కి, వాళ్ళ కిటికీలు కొలుచుకొస్తాను. ఎంత వెలుతురు, ఎంత గాలి. ఇంటికొస్తే మా ఒక్కగానొక్క కిటికీలోంచి పక్కింటివాళ్ళ స్నానాలగది గొట్టం కనిపిస్తుంది. ఒంట్లో ఓపిక ఉండగా ఒక్కసారైనా నా సొంత కిటికీకి నేను కర్టెన్ కుట్టుకోవాలి. నా కోరికంతా అదే, అది తప్పంటే నేను ఒప్పుకోను.

మా ఆయన వాచీలు బాగుచేస్తాడు. నాకు ముక్కు మీద కోపం, ఆయనకి వెతికినా దొరకదు. ఈమధ్య పరధ్యానం మాత్రం బాగా ఎక్కువైంది. పక్కనే పెట్టిన మంచినీళ్ళ గ్లాసు తన్నేస్తాడు, తలుపు అంచుకి భుజం కొట్టుకుంటాడు. వాచీలో ఆవగింజంత స్క్రూ బిగించే మనిషికి కాళ్ళ దగ్గర బకెట్టు కనపడదా అని నేను రోజూ దులిపేస్తూనే ఉంటాను. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

మొదటిరోజే పిన్నిగారు మమ్మల్ని గుమ్మంలోంచే వెనక్కి పంపేసింది.

"ఇద్దరూ కలిసొస్తే నేను మాట్లాడను," అంది. "పక్కపక్కన కూర్చోబెట్టి అడిగితే ఒకరు చెప్తారు, ఇంకొకరు తలూపుతారు. ఆ తలూపినవాళ్ళు ఇల్లు కొన్నాక నా దగ్గరికొచ్చి ఏడుస్తారు. ఆ గోల నాకొద్దు. విడివిడిగా రండి. ఒకరు చెప్పింది రెండోవాళ్ళకి చెప్పను. కాళ్ళు పట్టుకున్నా చెప్పను."

ఇదేం పద్ధతి అనుకుంటూనే నేను ముందు వెళ్ళాను. మేడ మీద ఇల్లు, పెద్ద కిటికీ, గాలీ వెలుతురూ అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ మధ్యలో మాట్లాడకుండా విన్నది. మర్నాడు మా ఆయన వెళ్ళాడు. ఆయనకి ఇంటి గురించి చెప్పడానికి ఏముంటుందిలే, ఇట్టే వచ్చేస్తాడనుకున్నాను. అన్నం చల్లారిపోయాక వచ్చాడు.

"ఇంతసేపు ఏం చెప్పారు?" అన్నాను.

"ఏదో, ఇంటి గురించే," అన్నాడు.

నేను ఇంకా నాలుగు రకాలుగా అడిగాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

ఆ తర్వాత మొదలైంది నా అయోమయం. ఆవిడ చూపించిన మొదటి ఇల్లు కింద వాటా. రైలుపెట్టెలాగా ఒకదాని వెనక ఒకటి గదులు. కిటికీ అన్నది ఉంది గానీ, తెరిస్తే చెయ్యి చాపేంత దూరంలో ప్రహరీగోడ. నేను కోరినదానికి సరిగ్గా తలకిందులు. ఆవిడ బహుశా నా మాటలు ఇంకెవరి మాటలతోనో కలిపేసుకుందేమో అనుకున్నాను. మా ఆయన మాత్రం గది గదికీ గుమ్మం దగ్గర ఆగి, చెప్పు విప్పి, పాదంతో నేల తడిమాడు.

"ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు పిన్నిగారూ," అన్నాడు సంతోషంగా.

నేల చదునుగా ఉందని సంతోషించే మనిషిని నేను చూడడం అదే మొదటిసారి.

రెండో ఇల్లూ కింద వాటాయే. మూడోదీ అంతే. మూడో ఇంట్లో ఆవిడ చేసిన పని ఎవరికి చెప్పినా నమ్మరు. మిట్టమధ్యాహ్నం పూట తలుపులన్నీ మూసి, లైట్లార్పేసి, చీకట్లో నిలబడి, "ఇప్పుడెలా ఉంది అబ్బాయ్?" అని మా ఆయన్ని అడిగింది.

"కొంచెం కష్టమే," అన్నాడు ఈయన చీకట్లోంచి. "వంటింటి దగ్గర మలుపుంది."

"అవును, మలుపుంది. ఇది వద్దులే," అందావిడ.

నేను ఆ చీకట్లో నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇల్లు చూడాలంటే లైట్లు వేస్తారు గానీ ఆర్పుతారా? మలుపుంటే ఏం, ఆ మలుపులో దొంగలుంటారా? నాకు పిచ్చో వీళ్ళకి పిచ్చో తేల్చుకోలేకపోయాను. బయటికొచ్చాక పిన్నిగారిని నిలదీశాను.

"పిన్నిగారూ, నేనడిగిందేంటి, మీరు చూపిస్తున్నదేంటి?"

"నువ్వడిగింది నాకు గుర్తుంది అమ్మాయ్. అదీ చూస్తున్నాను," అంది.

"ఎక్కడ చూస్తున్నారు? గోడలు తప్ప ఏమన్నా చూపించారా?"

"కాస్త ఓపిక పట్టు," అని గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

ఓపిక నా ఇంటావంటా లేదు. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా ఆలోచించాను. అమ్ముడుపోని ఇళ్ళు ఉంటాయి కదా, అవన్నీ మెతకవాడు కదా అని మా ఆయనకి అంటగట్టాలని చూస్తోందేమో. అలాగైతే ఇది వద్దు, అది వద్దు అని ఆవిడే ఎందుకంటుంది? పోనీ మా ఆయనే ఇల్లు కొనడం ఇష్టంలేక కావాలని నాకు నచ్చనివి చూపించమన్నాడేమో. అలాగైతే ఆ నేల తడుముకుని మురిసిపోవడమెందుకు? ఎటునుంచి లాగినా చిక్కు బిగుసుకుంటోందే తప్ప ఊడిరావడంలేదు.

అలాంటి రోజుల్లోనే కొలతలకి వెళ్తూ ఒక వీధిలో మేడ మీదింటికి 'అమ్మబడును' అని బోర్డు చూశాను. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఇంటావిడ టీచరు, ఉద్యోగం బదిలీ అయి వెళ్ళిపోతోందట. లోపలికి రమ్మంది. హాల్లో గోడ మొత్తం కిటికీ. ఈ మూలనుంచి ఆ మూలదాకా కిటికీ. వీధంతా కనిపిస్తోంది, ఆకాశం కనిపిస్తోంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. టీచరమ్మ కంగారుపడి మంచినీళ్ళిచ్చింది.

సాయంత్రం మా ఆయన్ని లాక్కెళ్ళాను. మెట్లు కాస్త ఇరుకు, మధ్యలో తిరుగుడు. నేను పరుగులాంటి నడకతో పైకెళ్ళిపోయి చూస్తే ఈయన ఇంకా సగంలోనే ఉన్నాడు, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. పైకొచ్చాక కిటికీ ముందు నిలబెట్టాను. ఆయన కిటికీని చూడలేదు, నా వంకే చూశాడు.

"నీకు బాగా నచ్చింది కదూ," అన్నాడు.

"మీకు నచ్చలేదా?"

"నీకు నచ్చితే తీసుకుందాం," అన్నాడు.

నచ్చిందనలేదు, నచ్చలేదనీ అనలేదు. నేను ఆ సంతోషంలో పట్టించుకోలేదు. అక్కడికక్కడే టీచరమ్మకి మాటిచ్చేశాను. మర్నాడు సాయంత్రం బయానా ఇస్తానన్నాను. అప్పుడావిడ, "అయితే మా ఏజెంటుకి ఒక మాట చెప్పండి, పిన్నిగారని, మీకు తెలిసే ఉంటుంది," అంది.

ఈ ఇల్లు అమ్మిపెట్టే పని పిన్నిగారి చేతిలోనే ఉంది. నేను కిటికీ కిటికీ అని కలవరించేది ఆవిడకి తెలుసు. ఇంత కిటికీ ఉన్న ఇల్లు గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతూ నాకు ప్రహరీగోడలు చూపిస్తోంది. పొద్దున్నే ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాను. ఒంటికాలి మీద లేచాననే చెప్పాలి.

"టీచరమ్మ ఇల్లు నాకెందుకు చూపించలేదు?"

"చూపించకూడదనుకున్నాను," అంది తొణక్కుండా.

"ఎందుకని?"

"అది చెప్పను."

"అంటే ఇంకెవరికైనా అట్టేపెట్టారా?"

"లేదు. నువ్వు కొంటే నాకూ లాభమే, టీచరమ్మకీ లాభమే. ఆవిడ తొందరలో ఉంది. వారంలోగా కొనే పార్టీని తెస్తానని ఆవిడకి మాటిచ్చినదాన్ని."

"మరి?"

పిన్నిగారు తాళాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడని ఇబ్బంది కనిపించింది. అబద్ధం చెప్పలేక, నిజం చెప్పడానికి వీల్లేక నలిగిపోతున్న మనిషిలా ఉంది.

"అమ్మాయ్, నువ్వు ఆ ఇల్లే కొంటానంటే నేను అడ్డుపడను. సాయంత్రం నేనే వచ్చి దగ్గరుండి రాయిస్తాను. ఆలోపు ఒక్క ఇల్లు చూడు. డ్రైవరుగారి ఇల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రా. చూశాక కూడా మేడ ఇల్లే అంటే, నీ ఇష్టం."

"అదీ కింద వాటాయేనా?"

"అవును."

"కిటికీ?"

"లేదు," అంది. "నీకు కావలసిన కిటికీ అందులో లేదు. ఉందని చెప్పి నిన్ను తీసుకెళ్ళను."

అమ్మేవాళ్ళెవరైనా లేనిది ఉందని చెప్తారు. ఈవిడ లేదని చెప్పి రమ్మంటోంది. తిట్టడానికి కూడా నాకు అంచు దొరకలేదు.

నాకు మధ్యాహ్నం దాకా ఆగాలనిపించలేదు. షాపులో కత్తెర పట్టుకుంటే గుడ్డ వంకరగా తెగుతోంది. భోజనం కూడా చెయ్యకుండా, చెప్పిన వేళకంటే చాలా ముందే డ్రైవరుగారింటికి బయల్దేరాను. వీధరుగు మీద డ్రైవరుగారు కూర్చుని ఉన్నాడు. బస్సు నడిపి నడిపి రిటైరైనాయన. పిన్నిగారు రమ్మంటే ఇల్లు చూడ్డానికొచ్చానని చెప్పాను. అరుగు పక్కన ఆరుబయట ఒక ఇనప బీరువా ఎండలో నిలబడి ఉంది.

"మీ పిన్నిగారు తీయించేసిందమ్మా," అన్నాడు నేను అడక్కుండానే. "నడవలో బీరువా అడ్డంట. ఎవరికడ్డమో చెప్పదు. వంటింటి దగ్గర చిన్న గట్టు ఉంటే అదీ కొట్టించి చదును చేయించింది. నా ఇల్లు నేను అమ్ముకుంటున్నానా, ఆవిడకి కావలసినట్టు కట్టిస్తున్నానా నాకే అర్థంకావడంలేదు. మీవారు ఇందాకే వచ్చారు, లోపలున్నారు."

"మా ఆయనా?" అన్నాను. వాచీల షాపులో ఉండాల్సిన మనిషి. "ఒక్కరే వచ్చారా?"

"రెండ్రోజుల్నించి వస్తూనే ఉన్నారుగా," అన్నాడు.

నాకు తెలియకుండా ఏదో నడుస్తోంది. చెప్పులు బయటే వదిలి, చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళాను. ఖాళీ ఇల్లు. హాలు, దాని వెనక నడవ, నడవకి ఒకవైపు గదులు, చివర వంటిల్లు. అన్నీ తిన్నగా ఉన్నాయి. హాల్లో ఒక మూల పిన్నిగారు స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. నేను వేలు నోటి మీద పెట్టుకున్నాను.

మా ఆయన కళ్ళు మూసుకుని నడుస్తున్నాడు.

ఎడమచేతి వేళ్ళు గోడకి ఆనించి, నడవ వెంట మెల్లగా వెళ్ళాడు. మొదటి గుమ్మం దగ్గర వేళ్ళు గాల్లోకి వచ్చాయి, "పడగ్గది," అన్నాడు. మళ్ళీ గోడ. మళ్ళీ గుమ్మం, "స్నానాలగది." వంటింట్లోకి వెళ్ళి, చెయ్యి చాపి, కుళాయి పట్టుకుని తిప్పాడు. నీళ్ళు పడుతున్న చప్పుడు. కట్టేశాడు. అలాగే కళ్ళు మూసుకుని వెనక్కి వచ్చాడు. ఈ దాగుడుమూతలేంటని అరుద్దామని నోటిదాకా వచ్చింది. ఈలోపు నడవ చివరికొచ్చి ఆయనే కళ్ళు తెరిచాడు.

నేను నడవ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. ఆయన భుజం పక్కనే. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. ఆయన కళ్ళు బాగానే తెరిచి ఉన్నాయి, ఎదురుగా మూలనున్న పిన్నిగారిని చూస్తున్నాయి.

"ఈసారి ఎక్కడా తగల్లేదు పిన్నిగారూ," అన్నాడు. "మా ఆవిడ వచ్చేలోపు ఇంకోసారి నడిచి చూస్తాను."

పిన్నిగారు ఆయన్ని చూసింది, నన్ను చూసింది.

నేను అలాగే నిలబడ్డాను. ఇప్పుడు తిరుగుతాడు, ఇప్పుడు చూస్తాడు అనుకున్నాను. తిరగలేదు. నేను చెయ్యెత్తి ఆయన చెంప పక్కన ఊపాను. ఆయన రెప్ప కూడా కదల్లేదు. గ్లాసు తన్నేయడం, భుజం కొట్టుకోవడం, నేల తడమడం, మెట్ల మీద గోడ పట్టుకోవడం, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా మీద పడ్డాయి.

"ఏవండీ," అన్నాను.

ఆయన ఉలిక్కిపడి అటూ ఇటూ తల తిప్పి వెతుక్కుని, అప్పుడు చూపుతో నా మొహం పట్టుకున్నాడు.

"ఎప్పుడొచ్చావు?"

"మీ పక్కనే ఉన్నాను. ఎప్పటినుంచో ఉన్నాను."

ఆయన గోడకి చేరగిలబడ్డాడు. పిన్నిగారు లేచి బయటికి పోబోతే, "మీరు కదలకండి," అన్నాను.

"కళ్ళల్లో ప్రెషరట," అన్నాడు. "నొప్పీ ఏమీ ఉండదు. చుట్టుపక్కలనుంచి చూపు మూసుకుపోతూ వస్తుందట. పోయింది మళ్ళీ రాదన్నాడు డాక్టరు. చుక్కలమందు వేసుకుంటున్నాను. ఉన్నది నిలవచ్చు, నిలవకపోవచ్చు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. అందుకే వాచీల పని ఆగలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నీకు కావలసిన ఇల్లు చూసుకునేదానివి కాదు. నాకు పనికొచ్చేది ఏదొకటి తీసుకుందాం పదండి అనేదానివి. ఇన్నేళ్ళనుంచీ ఆ కిటికీ కోసం చూస్తున్నావు."

"అందుకని పిన్నిగారికి చెప్పారా? పరాయి మనిషికి చెప్పి, నన్ను పిచ్చిదాన్ని చేసి వీధులెంట తిప్పుతారా? చీకట్లో నిలబెడతారా?" అంటూ అరిచాను. కోపం కాదది, భయం. నాకు వేరేగా భయపడడం రాదు. ఆయన చొక్కా పట్టుకుని ఊపేశాను. ఆయన ఊపనిచ్చాడు.

"తప్పు నాది కూడా అమ్మాయ్," అంది పిన్నిగారు. "కిటికీ ఉండాలి, మెట్లుండకూడదు. ఇద్దరి మాటా ఒకే ఇంట్లో కుదుర్చుదామని చూశాను. ఇన్నేళ్ళలో చాలామందికి కుదిర్చాను. మీకు కుదర్చలేకపోయాను. టీచరమ్మ ఇల్లు చూపిస్తే నువ్వు కాదనవు, ఈ అబ్బాయి వద్దనడు. ఆ మెట్ల మీద ఏదో ఒకరోజు..." అని ఆపేసింది.

నేను కళ్ళు తుడుచుకుని ఆ ఇంటిని మొదటిసారి చూశాను. హాల్లో మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. గోడలకి బూజురంగు. నాకు రవ్వంత కూడా నచ్చలేదు.

"టీచరమ్మకి ఏం చెప్పాలి?" అన్నాను.

"అది నాకొదిలెయ్యి," అంది పిన్నిగారు. "ఆవిడ తిట్లు తినేది నేను. ఇంకో పార్టీని ఈ వారంలోనే తీసుకెళ్తాను. ఆవిడకి నష్టం రానివ్వను."

"వద్దు," అన్నాడు మా ఆయన. "మేడ ఇల్లే తీసుకుందాం. మెట్లు నేను అలవాటు చేసుకుంటాను. చూశారుగా పిన్నిగారూ, ఇక్కడ ఎంత తొందరగా వచ్చేసిందో. ఈ ఇల్లు నీకు నచ్చలేదు, నీ మొహంలో కనిపిస్తూనే ఉంది."

"నచ్చలేదు," అన్నాను. "ఎప్పటికీ నచ్చదు కూడా. రోజూ సణుగుతాను, వింటూ పడుండండి. ఇదే తీసుకుంటున్నాం."

ఆయన ఏదో అనబోయాడు. నేను నడవలోంచి జరిగి, సరిగ్గా ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"ఇప్పుడు చెప్పండి. ఏం కనిపిస్తోంది?"

"నువ్వు," అన్నాడు.

"ఇంకా?"

చాలాసేపు చూశాడు.

"ఇంకేమీ లేదు," అన్నాడు.